గోదావరి ఎక్కిన డేటాబేస్

మా ల్యాబ్ సర్వర్ రూమ్‌లో ఒక ఇనప బీరువా ఉంది. 2014లో మా డేటాబేస్ బ్యాకప్ అంటే ఆ బీరువా పై అరలో, పాలిథిన్ కవర్లో చుట్టిపెట్టిన ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. సర్వర్‌కీ దానికీ మధ్య నాలుగడుగుల దూరం. ఆ ఏడు అక్టోబర్ 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటింది. మూడో రోజున, రోడ్డుకి అడ్డంగా పడిన చెట్లు దాటుకుంటూ నేను ద్వారకానగర్ చేరేసరికి వాచ్‌మన్ మెట్ల మీదే ఎదురొచ్చాడు. "కిటికీలు ఫ్రేముల్తో సహా ఎగిరిపోనాయి బాబూ, నీళ్ళు లోపలికి వచ్చీసాయి" అన్నాడు. సర్వర్ తడిసింది. బీరువా కింది అరల్లో ఫైళ్ళు తడిశాయి. పై అర తడవలేదు. పదిహేనేళ్ళ పేషెంట్ల రిపోర్టులు మిగిలింది ఆ ఒక్క అర ఎత్తు వల్ల.

అంత జరిగాక మర్నాడే వేరే ఊళ్ళో ఒక కాపీ పెట్టుకుంటారు ఎవరైనా. మేం పెట్టుకోలేదు. కొత్త ఏసీ కొన్నాం, కొత్త యూపీఎస్ కొన్నాం, గోడలకి రంగులేయించాం. శనివారం శనివారం డిస్క్‌ని నా బండి డిక్కీలో వేసుకుని ఇంటికి తీసుకుపోవడమే ఎనిమిదేళ్ళపాటు మా డిజాస్టర్ రికవరీ. మా ఇల్లు ఎంవీపీ కాలనీలో. అంటే ద్వారకానగర్ కన్నా సముద్రానికి ఇంకా దగ్గర. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

2022లో మా బ్రాంచీలు పద్నాలుగయ్యాయి. ఒకరోజు ఎండీ గారు పిలిచి, "ఏవయ్యా, రేపు మన బిల్డింగే లేదనుకో. మళ్ళీ రిపోర్టులు ఎప్పటికి ఇవ్వగలం?" అన్నారు. ఈ ప్రశ్న కోసం ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నవాడిలా బోర్డు మీద రెండు మాటలు రాశాను: ఆర్‌పీఓ, ఆర్‌టీఓ. మొదటిది, పోతే ఎన్ని నిమిషాల డేటా పోవచ్చు అన్నది. రెండోది, పడిపోయాక మళ్ళీ ఎంతసేపటికి లేవాలి అన్నది. "ఆర్‌టీఓకి మనకేం పనయ్యా, లైసెన్సులిచ్చే ఆఫీసు కదా" అన్నారాయన. నవ్వుకున్నాక ఇద్దరం ఒక లెక్కకి వచ్చాం. పోతే ఐదు నిమిషాల డేటా పోవచ్చు, లేవడానికి అరగంట పట్టొచ్చు. రాసుకోవడానికి పది నిమిషాలు పట్టిన ఈ లెక్కని నిలబెట్టడానికి ఏడాదిన్నర పట్టింది.

ఎక్కడ పెట్టాలన్నది మొదటి వాదన. గాజువాక బ్రాంచిలో గది ఖాళీగా ఉంది, అక్కడ పెట్టేద్దామన్నారు. ఇక్కడికి వచ్చిన తుపాను గాజువాకని వదిలేసి పోతుందా? విజయవాడ అన్నారు ఇంకొకరు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఎటు తిరుగుతుందో చివరిదాకా తెలియదు, కోస్తా మొత్తం ఒకే గొడుగు కింద ఉన్నట్టు లెక్క. ఆరు వందల కిలోమీటర్ల అవతల, పీఠభూమి మీదున్న హైదరాబాద్‌లో ఒక డేటా సెంటర్లో అర ర్యాక్ అద్దెకి తీసుకున్నాం. అక్కడ మా బ్రాంచి ఒకటి ఉండటం, అందులో ఒక చురుకైన కుర్రాడు ఉండటం కలిసొచ్చింది.

మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 14. రెప్లికేషన్, అంటే డేటాబేస్‌కి ఇంకోచోట ఎప్పటికప్పుడు కాపీ నడపడం, అర్థం కావాలంటే పాతకాలం షావుకార్ల లెక్కలు గుర్తుచేసుకుంటే చాలు. ఏ లావాదేవీ అయినా ముందు చిట్టాలో, అంటే రోజువారీ పుస్తకంలో పడుతుంది, తీరిగ్గా ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి ఎక్కుతుంది. పోస్ట్‌గ్రెస్ కూడా అంతే. ఏ మార్పయినా ముందు 'వాల్' అనే చిట్టాలో రాసుకుంటుంది, తర్వాతే అసలు టేబుల్ ఫైళ్ళలోకి ఎక్కిస్తుంది. ఈ చిట్టా ఒక్కొక్కటి 16 ఎంబీ ఫైళ్ళుగా ఉంటుంది. విశాఖలో రాసిన చిట్టాని రాసింది రాసినట్టు హైదరాబాద్‌కి పంపిస్తే, అక్కడ సిద్ధంగా కూర్చున్న రెండో సర్వర్, స్టాండ్‌బై, దాన్ని చూసి తన ఆవర్జా రాసుకుంటుంది. అక్కడ ముందుగా ఆవర్జాకి ఒక పూర్తి నకలు ఉండాలి, అంతే. టేబుళ్ళని విడివిడిగా పంపే లాజికల్ పద్ధతి కూడా ఉంది కానీ, మా 14లో అది టేబుల్ నిర్మాణంలో మార్పుల్ని, సీక్వెన్సు నంబర్లని మోసుకుపోదు. మొత్తానికి మొత్తం కాపీ కావాలనుకున్నవాళ్ళకి అది పనికిరాదు.

పూర్తి నకలు 380 జీబీ. రెండు ఊళ్ళ మధ్యా వైర్‌గార్డ్ టన్నెల్ (ఇంటర్నెట్ మీద మాకే సొంతమైన రహస్య దారి), దాని కింద 50 ఎంబీపీఎస్ లైను. ఏ అడ్డంకీ లేకపోతే పదిహేడు గంటలు. రాత్రి తొమ్మిదింటికి, పూర్తి నకలు తీసే పీజీ బేస్‌బ్యాకప్ మొదలెట్టి పడుకున్నాను. ఆరింటికి లేచి చూస్తే, అప్పుడే లైను ఒక్క నిమిషం తెగి మళ్ళీ వచ్చినట్టుంది. ఒక్క నిమిషమే, కానీ బేస్‌బ్యాకప్‌కి ఆగినచోటు నుంచి మళ్ళీ అందుకోవడం రాదు. తొమ్మిది గంటల కాపీ గంగలో కలిసింది. రెండో రాత్రి కూడా అదే కథ.

మూడోసారి బుద్ధొచ్చింది. ముందు విశాఖ సర్వర్లో 'హైద్' అని ఒక రెప్లికేషన్ స్లాట్ తయారుచేశాను, అప్పటినుంచే చిట్టా పట్టి ఉంచమని చెప్పి. స్లాట్ అంటే, "ఫలానావాడు వచ్చి తీసుకునేదాకా ఈ చిట్టా పారెయ్యను" అని సర్వర్ ఇచ్చే హామీ. తర్వాత పక్కనే ఉన్న డిస్క్ మీదకి నకలు తీశాను. పేషెంట్ల వివరాలు కాబట్టి డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశాను, పాస్‌వర్డ్ మాత్రం ఫోన్లో చెప్పేలాగ. దాన్ని బ్యాగులో స్వెట్టర్ మధ్యలో పెట్టుకుని సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అప్పర్ బెర్తు. రాత్రంతా బ్యాగు తలకింద పెట్టుకుని పడుకున్నాను, నా జన్మలో పెళ్ళినగలు కూడా అంత భద్రంగా మోయలేదు. తుని దాటాక ఒక పెద్దాయన, "ఏం బాబూ, అందులో ఏముంది అంత జాగ్రత్త?" అన్నారు. "రక్తపరీక్షలండీ" అన్నాను. ఆయన కాస్త వెనక్కి జరిగారు.

50 ఎంబీపీఎస్ లైను పదిహేడు గంటల్లో చేరవెయ్యలేనిది రైలు ఒక్క రాత్రిలో చేరవేసింది. డిస్క్ అక్కడ దింపి, స్టాండ్‌బై అని చెప్పే సిగ్నల్ ఫైలు పెట్టి, సర్వర్ స్టార్ట్ చేశాం. నకలు తీసినప్పటి నుంచి అప్పటిదాకా పేరుకున్న చిట్టా ఓ 40 జీబీ, రెండు గంటల్లో లాగేసుకుంది. కుర్రాడు స్క్రీన్ ముందు కూర్చుని, "అన్నా, అక్కడ రిజిస్టర్ చేస్తే ఇక్కడ కనపడుతున్నది!" అని ఫోన్ మీద ఫోన్. నాకూ ఒళ్ళు పులకరించింది. అప్పటికి అదే పెద్ద విజయమనుకున్నాం. నిజానికి అది సులువైన సగం.

గర్వం తలకెక్కి, ఐదు నిమిషాల డేటా కూడా ఎందుకు పోవాలి అనుకున్నాను. సింక్రనస్ మోడ్ పెడితే, హైదరాబాద్‌లో చిట్టా చేరినట్టు జవాబు వచ్చేదాకా విశాఖలో కమిట్ (రాసింది ఖాయమైందన్న ముద్ర) పూర్తి కాదు. ఒక్క అక్షరం కూడా పోదు. మా లైన్లో వెళ్ళి రావడానికి 17 మిల్లీసెకన్లు. ఎంతలే అనుకున్నాను. మా సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు ఒక్కో టెస్టుకి ఒక్కో కమిట్ పెట్టారని నాకు అప్పటికి తెలియదు. ఫుల్ బాడీ ప్యాకేజీలో 64 టెస్టులు. 64ని 17తో గుణించండి. సేవ్ నొక్కాక సెకనుకి పైగా చక్రం తిరుగుతుంది. ఇది పొద్దున్న ఏడు గంటల సంగతి. ల్యాబుల్లో ఏడు నుంచి పది దాకా ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. పరగడుపున వచ్చినవాళ్ళు, కాఫీ కూడా తాగనివాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు. ఆకలి మీదున్న జనంతో క్యూ అంటే ఏమిటో కౌంటర్లో కూర్చుంటేగాని అర్థం కాదు. అయినా అది ఓర్చుకోదగ్గదే. ఎనిమిదింబావుకి లైను తెగింది. ఇంక జవాబిచ్చేవాడు లేడు కాబట్టి కమిట్లన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. ఎర్రర్ రాదు, పనీ జరగదు. పద్నాలుగు బ్రాంచీల్లో అన్ని స్క్రీన్లూ గడ్డకట్టాయి. ఆ సెట్టింగ్ ఖాళీ చేసి రీలోడ్ కొట్టడానికి నాకు పట్టింది నాలుగు నిమిషాలు, కానీ ఆ నాలుగు నిమిషాల్లో వచ్చిన ఫోన్లు ఇరవై మూడు. ఒకే ఒక్క స్టాండ్‌బై, అదీ వేరే ఊళ్ళో ఉన్నప్పుడు సింక్రనస్ పెట్టడం అంటే, హైదరాబాద్‌లో వానొస్తే విశాఖలో దుకాణం మూసుకోవడమే. ఆరోజే అసింక్రనస్‌కి మార్చేశాను, మళ్ళీ అటు చూడలేదు.

వెనకబాటు ఎంతుందో చూడటం కూడా అనుకున్నంత సూటిగా లేదు. హైదరాబాద్‌లో చివరి లావాదేవీ ఎప్పుడు పడిందో చూసి, ఇప్పటి టైమ్‌లోంచి తీసేస్తే చాలనుకున్నాను. అర్ధరాత్రి రెండింటికి అలారం: నలభై నిమిషాలు వెనకబడింది! లేచి చూస్తే అంతా బాగానే ఉంది. రాత్రిపూట రిజిస్ట్రేషన్లు లేక కొత్త లావాదేవీయే పుట్టలేదు, అంతే. మూడు రాత్రుళ్ళు మా ఆవిడ చేత తిట్లు తిన్నాక, విశాఖలో ఒక చిన్న టేబుల్ పెట్టి నిమిషానికోసారి అందులో టైమ్ రాయించడం మొదలెట్టాను. ఆ టైమ్ హైదరాబాద్‌లో పాతబడితేనే అలారం.

ఇక సంక్రాంతి కథ. 2023 భోగికి ముందురోజు ఎక్కడో రోడ్డు తవ్వుతూ ఫైబర్ కోసేశారు. సర్వీసు వాళ్ళకి ఫోన్ చేస్తే పండగ తర్వాత చూస్తామన్నారు. లింకే కదా, వచ్చాక అదే సర్దుకుంటుందిలే అని నేను అత్తారింటికి అనకాపల్లి వెళ్ళిపోయాను. అప్పటికి మా సర్వర్ రోజుకి 20 జీబీ చిట్టా రాస్తోంది. ఆ డిస్క్‌లో ఖాళీ 70 జీబీ. స్లాట్ ఇచ్చిన హామీ గుర్తుందా? హైదరాబాద్ వచ్చి తీసుకునేదాకా ఒక్క ఫైలు కూడా పారెయ్యనన్న హామీ. ముక్కనుమ నాడు తెల్లవారుజామున నాలుగింటికి నైట్ టెక్నీషియన్ ఫోన్: "సార్, సిస్టమ్ ఓపెన్ అవట్లేదు." లాగ్‌లో ఒకే లైను. పానిక్, డిస్క్‌లో చోటు లేదు. ఏ తుపానూ రాకుండానే, తుపాను కోసం పెట్టుకున్న ఏర్పాటే సర్వర్‌ని పడగొట్టింది.

ఆ గంటలో చేతులు ఎంత దురద పెడతాయో చెప్పలేను. చిట్టా ఫోల్డర్లో వేలకొద్దీ ఫైళ్ళు కనిపిస్తుంటాయి, పాతవి ఓ వంద చెరిపేస్తే చోటొస్తుంది కదా అనిపిస్తుంది. ఆ ఫోల్డర్లో చేత్తో ఏదీ చెరపకూడదు, చెరిపితే డేటాబేస్ మళ్ళీ లేవకపోవచ్చు. అదృష్టం కొద్దీ కింద, డిస్కుల చోటుని కలిపి పంచే ఎల్‌వీఎం ఉంది, వాల్యూమ్ గ్రూపులో 20 జీబీ మిగిలి ఉంది. అది కలిపి, సర్వర్ లేపి, 'హైద్' స్లాట్ తీసేసి, చెక్‌పాయింట్ కొట్టాను, అంటే చిట్టాలోదంతా ఆవర్జాకి ఎక్కించెయ్యమన్నాను. ఫైళ్ళు వాటంతటవే కరిగిపోయాయి. ఆరున్నరకల్లా కౌంటర్ తెరుచుకుంది. దాంతోపాటే హైదరాబాద్ స్టాండ్‌బైకి కావలసిన చిట్టా కూడా పోయింది. అంటే మళ్ళీ మొదటికి. మళ్ళీ డిస్క్, మళ్ళీ స్వెట్టర్, మళ్ళీ గోదావరి.

ఈసారి వచ్చాక మూడు పనులు చేశాను. స్లాట్ పట్టి ఉంచే చిట్టాకి 50 జీబీ హద్దు పెట్టాను. ఇది పోస్ట్‌గ్రెస్ 13 నుంచీ ఉన్న సెట్టింగే, డిఫాల్ట్‌గా మాత్రం హద్దు లేదు, నేను చదువుకోలేదు. పీజీబ్యాక్‌రెస్ట్ అనే బ్యాకప్ టూలుతో చిట్టాని వేరే దారిలో కూడా హైదరాబాద్‌లో దాచడం మొదలెట్టాను, స్లాట్ పోయినా స్టాండ్‌బై అక్కడినుంచి అందుకునేలా. చిట్టా కంప్రెషన్ ఆన్ చేసి, చెక్‌పాయింట్ల మధ్య గడువు ఐదు నిమిషాల నుంచి ముప్పైకి పెంచాను. చెక్‌పాయింట్ అయ్యాక ఏ పేజీని మొదటిసారి మార్చినా ఆ పేజీ మొత్తం చిట్టాలోకి ఎక్కుతుంది, అందుకే చెక్‌పాయింట్లు తగ్గితే చిట్టా తగ్గుతుంది. రోజుకి 20 జీబీ కాస్తా 8కి దిగింది.

ఆ బ్యాక్‌రెస్ట్ ఇంకోరకంగా కూడా ఆదుకుంది. ఫిబ్రవరిలో మా వాడొకడు రేట్ల టేబుల్‌లో ఒక టెస్టు ధర మారుస్తూ, ఏ టెస్టుదో చెప్పే 'వేర్' మర్చిపోయాడు. అన్ని టెస్టులూ 250 రూపాయలైపోయాయి, ఎంఆర్‌ఐ సహా. వాడు లెంపలేసుకునేలోపే హైదరాబాద్‌లో కూడా 250 అయిపోయింది. రెప్లికా తప్పొప్పులు చూడదు, మనం చేసిన తప్పుని కూడా అంతే శ్రద్ధగా ఆరు వందల కిలోమీటర్లు మోసుకెళ్తుంది. బ్యాకప్ నుంచి ఆ తప్పుకి ఒక్క నిమిషం ముందుదాకా ఒక పక్క సర్వర్లో డేటాబేస్‌ని నిలబెట్టి, ఆ ఒక్క టేబుల్ తెచ్చుకున్నాం.

ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా హైదరాబాద్ మీద పని నడిపి చూడలేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ దాచిపెట్టే సైటు గిట్‌ల్యాబ్ వాళ్ళకి జరిగింది చదివాక నాకు నిద్ర పట్టలేదు. రెప్లికేషన్ సరిచేసే తొందరలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు సర్వర్లోని డేటానే చెరిపేశాడు. తర్వాత చూస్తే రోజువారీ బ్యాకప్ చాలాకాలంగా తయారే కావడం లేదు, 9.6 డేటాబేస్ మీద 9.2 టూలు నడుస్తూ ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పాల్సిన ఈమెయిళ్ళు కూడా చేరడం లేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి బతికారు. వాళ్ళే అదంతా దాచకుండా రాసుకున్నారు. అంతటివాళ్ళకే అలా అయితే మన బీరువా సంగతేమిటి?

మార్చిలో ఒక ఆదివారం మొదటి డ్రిల్ పెట్టాం. చదవడం వరకే. హైదరాబాద్ స్టాండ్‌బైకి కలిపిన ఒక స్క్రీన్ ఇచ్చి, కౌంటర్లో అమ్మాయిని పాత శాంపిళ్ళు వెతకమన్నాను. మా శాంపిల్ నంబర్లో ముందు బ్రాంచి నంబరు, తర్వాత గీత, తర్వాత వరస సంఖ్య. పదకొండో బ్రాంచిది 11-204 వచ్చింది. ఒకటో బ్రాంచిది 1-9041 కొట్టింది. "నో రికార్డ్ అంటోంది సార్." విశాఖలో చూస్తే ఉంది. హైదరాబాద్‌లో లేదు. నాకు చెమటలు పట్టాయి. సగం డేటా రావడం లేదా? ఇన్నాళ్ళుగా మోసపోతున్నామా?

ఏం తోచక, ఇండెక్స్ (ఏ రికార్డు ఎక్కడుందో చెప్పే పట్టిక) వాడకుండా మొత్తం టేబుల్ వెతకమని అడిగాను. 1-9041 చక్కగా వచ్చి కూర్చుంది. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, అడ్రసు పట్టుకుని వెళ్తే దొరకడం లేదు. సాయంత్రం దాకా తల పగలగొట్టుకుంటే విషయం తేలింది. విశాఖ సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 18.04, హైదరాబాద్‌లో మావాడు కొత్తది కదా అని 22.04 వేశాడు. ఈ రెండింటి మధ్యలో, 2018లో వచ్చిన జీలిబ్‌సీ అనే సిస్టమ్ లైబ్రరీ 2.28లో అక్షరాల వరస మారింది. మా పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా అక్షరక్రమానికి ఆపరేటింగ్ సిస్టమ్ మీదే ఆధారపడుతుంది. రెండు మెషీన్లలోనూ 1-1, 11 అన్న రెండు లైన్లని సార్ట్ చేయించాను. విశాఖ 11ని ముందు పెట్టింది, హైదరాబాద్ 1-1ని ముందు పెట్టింది. పాతదానికి గీత అంత లెక్కలోది కాదు, కొత్తదానికి గీత అంకెల కన్నా ముందొచ్చే అక్షరం.

మన భాషలోనే చూడండి. బడిలో గోడకి తగిలించే అక్షరమాలలో 'క్ష' ఎక్కడో చివర ఉంటుంది. నిఘంటువులో 'క్షమ' వెతకాలంటే 'క' దగ్గరకి వెళ్ళాలి. నిఘంటువు పద్ధతిలో పేర్చిన పుస్తకాన్ని, అక్షరమాల పద్ధతి మాత్రమే తెలిసినవాడి చేతికిస్తే, చివరి పేజీలు తిరగేసి "క్షమ లేదండీ" అంటాడు. హైదరాబాద్ చేసింది అదే. ఇండెక్స్ విశాఖలో, విశాఖ వరసలో పేర్చినది. రెప్లికేషన్ దాన్ని బైటు బైటు అలాగే మోసుకొచ్చింది. వెతికేది మాత్రం హైదరాబాద్ వరసలో. కొన్ని దొరుకుతాయి, కొన్ని దొరకవు. మొత్తం దొరక్కపోయినా బాగుండేది, మొదటి రోజే పట్టుకునేవాళ్ళం. మేం వాడే 14లో దీని గురించి ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. స్టాండ్‌బైలో ఇండెక్స్‌ని విడిగా మళ్ళీ కట్టుకోవడం కుదరదు కాబట్టి, హైదరాబాద్ మెషీన్లో 18.04 వేశాం. తర్వాత ఆగస్టులో రెండింటినీ ఒకేరోజు 22.04కి మార్చి, ఇండెక్సులన్నీ కొత్తగా కట్టాం. ఒక్క గీత కోసం.

జూలైలో రెండో డ్రిల్. ఈసారి నిజంగా హైదరాబాద్‌ని ప్రైమరీ (అసలు సర్వర్) చేసి పని నడపడం. విశాఖ సర్వర్లో అప్లికేషన్ ఆపేసి, టన్నెల్ వైపు కేబుల్ పీకేసి, హైదరాబాద్‌లో ప్రమోట్ కొట్టాం. మూడు సెకన్లలో అది ప్రైమరీ అయిపోయింది. చప్పట్లు. తర్వాత ఒక్కొక్కటే బయటపడసాగింది. రిపోర్టుల పీడీఎఫ్‌లు డేటాబేస్‌లో లేవు, విశాఖ సర్వర్లో ఒక ఫోల్డర్లో ఉన్నాయి. ఎస్ఎంఎస్ గేట్‌వే విశాఖ ఐపీ నుంచి తప్ప వేరే చోటు నుంచి మెసేజ్ తీసుకోదు. ఎనలైజర్ మెషీన్ల దగ్గరున్న పీసీల్లో సర్వర్ అడ్రసు 192.168.1.10 అని ఎప్పుడో ఎవరో చేత్తో కొట్టి వదిలేశారు. కొత్త శాంపిల్ పెడితే "ఈ నంబరు లేదు" అని ఎర్రగా చూపిస్తోంది.

అసలు ప్రమాదం రెండు గంటల తర్వాత తెలిసింది. నేను అప్లికేషన్ ఆపాను గానీ, విశాఖలో డేటాబేస్‌ని ఆపలేదు. దాన్ని ఎవరూ ముట్టుకోరు కదా అనుకున్నాను. హోమ్ కలెక్షన్ డెస్క్‌లో ఒక పాత పీసీలో పాత డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఉంది, అది అప్లికేషన్‌తో పనిలేకుండా నేరుగా డేటాబేస్‌కే అతుక్కుంటుంది. ఆ కుర్రాడు రెండు గంటలపాటు హాయిగా పదకొండు రిజిస్ట్రేషన్లు చేశాడు, పాత సర్వర్లో. అవే బిల్ నంబర్లతో హైదరాబాద్‌లో వేరే పదకొండు మంది ఉన్నారు. ఒక నంబరు మీద ఇద్దరు మనుషులు. బట్టల షాపులో అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. ల్యాబ్‌లో అంటే ఒకరి క్రియాటినిన్ ఇంకొకరి చేతికి వెళ్తుంది. శాంపిల్ ట్యూబులన్నీ పక్కకి తీసి, పదకొండు మందినీ కొత్త నంబర్లతో చేత్తో ఎక్కించి, పాత లేబుళ్ళు చింపేసేదాకా నేను మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆరోజు నుంచి మా కాగితంలో మొదటి లైను: పాత ప్రైమరీని ఆపు. ఆగిందని కళ్ళతో చూడు. తర్వాతే ప్రమోట్.

తిరిగి రావడం ఇంకో ప్రహసనం. రెండు సర్వర్లూ విడిపోయి చెరోదారీ పట్టాయి కదా, వాటిని కలిపే పీజీ రివైండ్ అనే టూలు ఉంది. నడిపితే కుదరదు పొమ్మంది. చెక్‌సమ్‌లు గానీ, వాల్ లాగ్ హింట్స్ అనే సెట్టింగ్ గానీ ముందే ఆన్‌లో ఉండాలట. రెండూ లేవు. మూడోసారి గోదావరి టికెట్ బుక్ చెయ్యబోతుంటే బ్యాక్‌రెస్ట్ డెల్టా రిస్టోర్ గుర్తొచ్చింది. ఉన్న ఫైళ్ళని పోల్చి, తేడా ఉన్నవి మాత్రమే తెస్తుంది. 130 జీబీ, దాదాపు ఆరు గంటలు. ఆదివారం మొదలైన డ్రిల్ సోమవారం రాత్రికి ముగిసింది. ఎండీ గారు అరగంట లెక్క గురించి ఏమీ అనలేదు. బోర్డు మీద ఆ అంకె వైపు ఒకసారి చూశారు, అంతే. అది ఇంకా ఇబ్బంది.

ఆ హింట్స్ సెట్టింగ్ ఆన్ చేశాను. పీడీఎఫ్ ఫోల్డర్ పది నిమిషాలకోసారి హైదరాబాద్‌కి వెళ్తుంది. ఎనలైజర్ పీసీలన్నిటిలో ఐపీ తీసేసి పేరు పెట్టాం. ఎస్ఎంఎస్ వాళ్ళకి రెండో ఐపీ చెప్పాం. హోమ్ కలెక్షన్ పీసీని, కుర్రాడు వద్దు వద్దంటున్నా, స్క్రాప్‌కి ఇచ్చేశాను.

2023 డిసెంబర్ మొదట్లో మిచాంగ్ వచ్చింది. నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని చెబుతున్నారు, విశాఖకి వానలే. అయినా ఎండీ గారిని అడిగాను, "సార్, ఈ వంకతో ఒకసారి మార్చి చూద్దామా?" సరేనన్నారు. నాలుగో తేదీ రాత్రి పదిన్నరకి కాగితం ముందు పెట్టుకుని మొదలెట్టాం. అప్లికేషన్ ఆపాం. విశాఖ డేటాబేస్‌ని పద్ధతిగా ఆపాం, ఆగిందని చూశాను. చివరి చిట్టా దాకా హైదరాబాద్‌కి చేరిందని కుర్రాడు అక్కడి నంబరు చదివాడు, నేను ఇక్కడి నంబరు చదివాను, రెండూ ఒకటే. ప్రమోట్. సర్వర్ పేరు అటు తిప్పాం. మొదటి టెస్ట్ రిజిస్ట్రేషన్ పడేసరికి తొమ్మిది నిమిషాలు. ఇలా పద్ధతిగా ఆపితే పాత సర్వర్‌ని రివైండ్ లేకుండానే స్టాండ్‌బైగా తిప్పుకోవచ్చు, అలాగే తిప్పాం.

మర్నాడు మధ్యాహ్నం మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ పొద్దున్నుంచీ ఒకటే వాన. ఏడింటికి నేను గొడుగు మడుస్తూ కౌంటర్ దగ్గరకి వచ్చేసరికి అమ్మాయి మొహం చిట్లించుకుని ఉంది.

"సార్, సిస్టమ్‌లో ఏవన్నా మార్చారా? లేబుల్ రావట్లేదు."

గుండె జారింది. ప్రింటర్ అడ్రసు ఎక్కడైనా మిగిలిపోయిందా అనుకుంటూ వెళ్ళి మూత తీశాను. రోల్ అయిపోయింది.